బిల్లుకు బాధ్యులెవరు?

ఇళ్లకు స్మార్ట్ మీటర్లు బిగించే కార్యక్రమాన్ని పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం 2025 జూన్‌లో నిలిపివేసింది. బిల్లులు ఒక్కసారిగా పెరిగిపోయాయంటూ పలు జిల్లాలలో వినియోగదారులు వీధికెక్కిన పిమ్మట విద్యుత్ శాఖ ఈ నిర్ణయానికి వచ్చింది. నిషేధం గృహ వినియోగదారులకే పరిమితమైంది. అప్పటికే ఇళ్లలో అమర్చిన మీటర్లను మామూలు మీటర్ల మాదిరిగా, వాడుకున్న తరువాత బిల్లు చెల్లించే పద్ధతిలోనే నడుపుతామని ప్రభుత్వం వెల్లడించింది. ఆందోళనకారులు దీనిని తమ విజయంగా భావించారు; పాలకులు తలనొప్పి వదిలిందనుకున్నారు. అసలు ప్రశ్నకు మాత్రం ఎవరూ సమాధానం చెప్పలేదు. ఇంటికి వచ్చిన బిల్లు తప్పని గృహస్థు అంటే, అది ఒప్పని రుజువు చేయవలసిన బాధ్యత ఎవరిది? ఆ సంగతి తేలేదాకా ఆ ఇంట దీపం వెలుగుతూ ఉంటుందా, ఆరిపోతుందా?

ఈ ప్రశ్న లోతు తెలియాలంటే ఖరగ్‌పూర్ వంటి పట్టణాన్ని పరికించాలి. పశ్చిమ బెంగాల్ పారిశ్రామికాభివృద్ధి సంస్థ నెలకొల్పిన విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్ అక్కడే ఉంది. భారీ పరిశ్రమకు విద్యుత్ బిల్లు అంటే వాడిన యూనిట్ల లెక్క ఒక్కటే కాదు. గరిష్ఠ డిమాండు ఎంత, పవర్ ఫ్యాక్టర్ ఎంత, పగలు వాడినదెంత, సాయంత్రం రద్దీవేళ వాడినదెంత అన్నవన్నీ అందులో ఉంటాయి. అయినా పరిశ్రమలు కొత్తరకం మీటర్లను చూసి బెదరలేదు. అందుకు కారణం ఉంది. పెద్ద కర్మాగారాలలో సాధారణంగా విద్యుత్ సంస్థ మీటరుకు తోడు సొంత మీటరు కూడా ఉంటుంది. రెండింటినీ పోల్చి చూసే ఇంజనీరు ఉంటాడు. తేడా వస్తే లేఖ రాసే అకౌంటెంటు, అవసరమైతే నియంత్రణ మండలి గడప తొక్కే న్యాయవాది ఉంటారు. బిల్లును తనిఖీ చేసుకోగల శక్తి ఉన్నవాడికి బిల్లు పద్ధతి మారితే భయం లేదు.

అదే పట్టణంలోని సామాన్య గృహస్థు పరిస్థితి వేరు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తరలివెళ్లి, అక్కడి రైల్వే వర్క్‌షాపును, యార్డులను నమ్ముకుని స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా ఉన్నాయి. రైల్వే క్వార్టర్లలో ఉన్నంతకాలం కరెంటు రైల్వేయే ఇస్తుంది, ఛార్జీలు జీతంలో నుంచి మినహాయించుకుంటుంది. పదవీ విరమణ చేసి ఊళ్లో సొంత గూడు కట్టుకున్నప్పుడే ఆ కుటుంబం రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థకు వినియోగదారు అవుతుంది. ఆ సంస్థ ఇళ్లకు మూడు నెలలకొకసారి బిల్లు ఇస్తుంది. దానిని మూడు వాయిదాలలో చెల్లించవచ్చు. పింఛను వచ్చే తేదీకి, వాయిదా గడువుకు పొత్తు కుదుర్చుకుని నడిచే సంసారాలవి. అటువంటి ఇంటి గోడ మీది పాత మీటరు తీసి, ముందుగా సొమ్ము చెల్లించి వాడుకోవలసిన కొత్త మీటరు బిగించి, లెక్క ఇకపై సెల్‌ఫోనులో చూసుకోమంటే ఆ కుటుంబం కంగారుపడటంలో వింతేమీ లేదు. దాని దగ్గర రెండో మీటరు లేదు, ఇంజనీరూ లేడు.

స్మార్ట్ మీటర్ల పథకం దురుద్దేశంతో పుట్టినదని చెప్పడం న్యాయం కాదు. రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థలు దశాబ్దాలుగా నష్టాల ఊబిలో ఉన్నాయి. సరఫరా చేసిన విద్యుత్తులో కొంత తీగలలో కరిగిపోతుంది, కొంత చౌర్యానికి గురవుతుంది, మరికొంతకు బిల్లే పడదు, పడిన బిల్లులో కొంత వసూలు కాదు. ఆ భారమంతా నిజాయితీగా చెల్లించేవారి నెత్తినే పడుతోంది. ఈ జబ్బుకు మందుగా కేంద్ర ప్రభుత్వం 2021లో 3 లక్షల కోట్ల రూపాయలకు పైబడిన అంచనా వ్యయంతో పంపిణీ రంగ పునరుద్ధరణ పథకాన్ని తెచ్చింది. దేశమంతటా 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు బిగించాలన్నది లక్ష్యం. మీటరు కొని, బిగించి, నిర్వహించే పనిని ప్రైవేటు సంస్థలకు అప్పగించి, మీటరుకు నెలకు ఇంత చొప్పున ఏళ్ల తరబడి చెల్లించే పద్ధతిని ఎంచుకున్నారు. ఉద్దేశం మంచిదే. కాని ఎన్ని మీటర్లు బిగించారన్న లెక్క మీద ఉన్న శ్రద్ధ, ఎన్ని బిల్లులు సరిగా వచ్చాయన్న లెక్క మీద కనబడలేదు. చిక్కంతా ఇక్కడే మొదలైంది.

బిల్లు తప్పు కావడానికి మీటరే తప్పుగా తిరగనక్కరలేదు. పాత వ్యవస్థ నుంచి కొత్త వ్యవస్థకు మారే వేళలోనే ఎక్కువ పొరపాట్లు దొర్లుతాయి. పాత మీటరు తీసేసిన రోజు చివరి రీడింగ్ ఎంతో సరిగా నమోదు కాకపోతే, ఆ ఖాళీని అంచనాతో పూరిస్తారు. కనెక్షను గృహ కేటగిరీలో ఉన్నదా, వాణిజ్య కేటగిరీలో ఉన్నదా అన్నది కంప్యూటరుకు ఎక్కించేటప్పుడు తారుమారైతే రేటే మారిపోతుంది. పెద్ద మీటర్ల విషయంలో రీడింగును హెచ్చించవలసిన గుణకం తప్పు పడితే బిల్లు ఎన్నో రెట్లు అవుతుంది. ఇక మూడు నెలల బిల్లు నెలసరి బిల్లుగా మారినప్పుడు శ్లాబులను కూడా మూడుగా పంచకపోతే, వాడకం పెరగకుండానే వినియోగదారుడు పైశ్లాబులోకి ఎగబాకుతాడు. వీటిలో ఏ ఒక్కటీ గోడ మీది మీటరును చూస్తే తెలిసేది కాదు. అందువల్ల 'మీటరు సరిగానే ఉంది' అని అధికారులు ఇచ్చే హామీ నిజమే అయినా, 'బిల్లు సరిగా లేదు' అనే వినియోగదారుడి ఫిర్యాదూ నిజమే కావచ్చు.

ఇది మన దేశానికే పరిమితమైన అవస్థ అనుకోనక్కరలేదు. అమెరికాలోని లాస్ ఏంజెలెస్ నగర జల విద్యుత్ శాఖ 2013 సెప్టెంబరులో కొత్త బిల్లింగ్ వ్యవస్థను ప్రారంభించింది. అనతికాలంలోనే పెద్ద సంఖ్యలో వినియోగదారులకు తప్పుడు బిల్లులు వెళ్లాయి. కొందరికి వాడుకకు పొంతన లేని మొత్తాలు, కొందరికి అంచనా బిల్లులు, మరికొందరికి నెలల తరబడి బిల్లే లేదు. తీవ్రమైన లోపాలున్నాయని తెలిసి కూడా శాఖ యాజమాన్యం వ్యవస్థను ప్రారంభించిందని కాలిఫోర్నియా రాష్ట్ర ఆడిటర్ 2015లో తప్పుపట్టారు. వ్యవస్థను అమర్చిన ప్రైస్‌వాటర్‌హౌస్‌కూపర్స్ సంస్థపై నగర పాలన అదే ఏడాది దావా వేసింది. వినియోగదారులకు 6 కోట్ల 70 లక్షల డాలర్లకు పైగా తిరిగి ఇచ్చే ఒప్పందానికి 2017లో న్యాయస్థానం ఆమోదం లభించింది. చివరకు ఆ పరిహార దావాయే నగరం తరఫు న్యాయవాది కుమ్మక్కుతో నడిచిందని బయటపడింది. నగరం తన దావాను 2019లో ఉపసంహరించుకోవలసి వచ్చింది. బిల్లింగ్ వ్యవస్థను చక్కదిద్దే పేరిట టెండరు లేకుండా 3 కోట్ల డాలర్ల కాంట్రాక్టు కట్టబెట్టేందుకు లంచానికి అంగీకరించిన కేసులో శాఖ మాజీ జనరల్ మేనేజరు డేవిడ్ రైట్‌కు 2022లో ఆరేళ్ల జైలు శిక్ష పడింది. కంచే చేను మేయడమంటే ఇదే.

బ్రిటన్ అనుభవంలో మరో పాఠం ఉంది. ఎన్‌పవర్ అనే విద్యుత్ సరఫరా సంస్థ 2011లో కొత్త బిల్లింగ్ వ్యవస్థకు మారింది. 5 లక్షల మందికి పైగా వినియోగదారులకు తప్పుడు బిల్లులో, ఆలస్యపు బిల్లులో అందాయి. ఫిర్యాదులకు సరైన సమాధానం లేదు. ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ 2015లో ఆ కంపెనీ చేత 2 కోట్ల 60 లక్షల పౌండ్లు కట్టించింది. మరుసటి ఏడాది స్కాటిష్ పవర్ చేత ఇటువంటి వైఫల్యానికే 1 కోటి 80 లక్షల పౌండ్లు కట్టించింది. కొత్త యంత్రంలో లోపాలు తలెత్తడం సహజమని అక్కడి నియంత్రణ సంస్థ సరిపెట్టుకోలేదు. లోపం తలెత్తినప్పుడు వినియోగదారుడిని ఎలా చూశారన్నదే దానికి ప్రధానమైంది.

మన దేశంలో 2020 ఆగస్టు 12న ఉత్తరప్రదేశ్‌లో జరిగినది మరింత కలవరపెట్టే ఉదంతం. కృష్ణాష్టమి నాడు స్మార్ట్ మీటర్లున్న లక్షకు పైగా ఇళ్లలో ఒక్కసారిగా విద్యుత్ సరఫరా ఆగిపోయింది. బకాయి పైసా లేనివారూ చీకటిలో మగ్గారు. ఏ లైన్‌మనూ స్తంభం ఎక్కలేదు, ఏ తుపానూ రాలేదు. కేంద్రీకృత వ్యవస్థ నుంచి వెళ్లిన పొరపాటు ఆదేశం చాలింది. దరిమిలా ఆ రాష్ట్రం కూడా కొంతకాలం మీటర్ల బిగింపును ఆపవలసి వచ్చింది. పాత రోజులలో కరెంటు కోయాలంటే మనిషి ఇంటికి రావాలి. గడపలో నిలబడి రశీదు చూపితే అతడు వెనక్కి మళ్లేవాడు. దూరం నుంచి మీట నొక్కి సరఫరా తెంచగల వ్యవస్థలో రశీదు చూపడానికి గడపలో ఎవరూ ఉండరు.

తెలుగు రాష్ట్రాలకూ ఈ చేదు అనుభవం కొత్త కాదు. 2020 లాక్‌డౌన్ కాలంలో మీటరు రీడింగులు నిలిచిపోయాయి. తెలంగాణలో అంతకు ముందటి ఏడాది అదే నెల బిల్లును ఆధారం చేసుకుని చెల్లింపులు స్వీకరించి, జూన్‌లో మూడు నెలల రీడింగును ఒక్కసారిగా తీశారు. సగటు లెక్క వేశామని పంపిణీ సంస్థలు ఎంత చెప్పినా, తాము పైశ్లాబులోకి నెట్టబడ్డామని గగ్గోలు పుట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆ వేసవి బిల్లులు అంతే దుమారం రేపాయి. వివాదం యూనిట్ల మీద కన్నా లెక్క కట్టిన తీరు మీదనే నడిచింది. ఆ తీరు వినియోగదారుడికి అర్థమయ్యే విధంగా బిల్లు కాగితం మీద లేదు.

శ్లాబుల పద్ధతిలో ఒక్క యూనిట్ ఎంత పని చేస్తుందో చూడండి. తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకం కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం. 201వ యూనిట్ నమోదైతే ఉచితం పోయి బిల్లు మొత్తం మీద పడుతుంది. 2022-23లో అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం మొదటి 200 యూనిట్లకు యూనిట్ 5.10 రూపాయల చొప్పున 1,020 రూపాయలు, ఆపై ఒక్క యూనిట్‌కు 7.70 రూపాయలు, వెరసి 1,027.70 రూపాయలు. స్థిర ఛార్జీలు వగైరా దీనికి అదనం. రీడింగ్ తీసేవాడు రెండు రోజులు ఆలస్యంగా వచ్చినా, కంప్యూటరు ఒక రోజు అటూ ఇటూ లెక్క కట్టినా పేద కుటుంబం వెయ్యి రూపాయలు నష్టపోతుంది. బిల్లింగ్ వ్యవస్థలో పొరపాటు సాంకేతిక విషయమని తోసిపుచ్చేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

చెల్లింపుల విషయంలోనూ ఇదే పోకడ. బిల్లుల చెల్లింపులన్నీ భారత్ బిల్ పేమెంట్ వ్యవస్థ ద్వారానే సాగాలన్న రిజర్వు బ్యాంకు ఆదేశం 2024 జూలై 1న అమలులోకి వచ్చింది. ఆ రోజున ఫోన్‌పే, గూగుల్‌పే వంటి యాప్‌ల ద్వారా కరెంటు బిల్లు కట్టే వీలు తెలంగాణలోనూ, ఆంధ్రప్రదేశ్‌లోనూ ఆగిపోయింది. తమ వెబ్‌సైటులోనో, సొంత యాప్‌లోనో కట్టాలని పంపిణీ సంస్థలు ప్రకటనలు ఇచ్చాయి. కొద్ది వారాలలో పాత సదుపాయం తిరిగి వచ్చింది. గడువు ముందే తెలిసిన మార్పుకు కూడా సకాలంలో సిద్ధం కాలేకపోయిన సంస్థలు, కోట్ల మీటర్ల మార్పిడిని సాఫీగా నడుపుతామంటే జనం ఎందుకు నమ్మాలి? ప్రజల అంగీకారం లేనిదే ఇళ్లకు స్మార్ట్ మీటర్లు పెట్టబోమని 2025లో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ శాఖ మంత్రి గొట్టిపాటి రవికుమార్ ప్రకటించవలసి రావడానికి ఈ అపనమ్మకమే మూలం.

ఇన్ని ఉదంతాలలోనూ సమానంగా కనిపించేది ఒక్కటే. యంత్రం చెప్పిందే నిజమని సంస్థ మొదటే తీర్మానించుకుంటుంది. కాదని నిరూపించుకునే భారం వినియోగదారుడి మీద వేస్తుంది. మొదట బిల్లు కట్టు, తరువాత ఫిర్యాదు చెయ్యి అంటుంది. కట్టకపోతే సరఫరా ఆపుతుంది. తన వాడకానికి సాక్ష్యం చూపగల సాధనం ఏదీ లేనివాడిని సాక్ష్యం తెమ్మనడం న్యాయమనిపించుకోదు.

విచిత్రమేమంటే మన చట్టం ఈ అన్యాయాన్ని ఏనాడో ఊహించింది. 2003 నాటి విద్యుత్ చట్టం 56వ సెక్షన్ ప్రకారం బకాయి కోసం సరఫరా ఆపాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. బిల్లుపై వివాదం ఉన్నప్పుడు అభ్యంతరం తెలుపుతూ, అడిగిన మొత్తాన్ని గాని, గడచిన ఆరు నెలల సగటును బట్టి లెక్కించిన మొత్తాన్ని గాని, రెండింటిలో ఏది తక్కువైతే అది కడితే చాలు. వివాదం తేలేవరకు సరఫరా ఆపరాదు. వినియోగదారుల హక్కుల నిబంధనలను కేంద్రం 2024 ఫిబ్రవరిలో సవరిస్తూ మరో మేలైన రక్షణ కల్పించింది. రీడింగు వాడకానికి అనుగుణంగా లేదని ఫిర్యాదు చేస్తే, అయిదు రోజులలో అదనంగా మరో తనిఖీ మీటరు బిగించి, కనీసం మూడు నెలలపాటు రెండింటినీ పోల్చి చూడాలి. కర్మాగారానికి ఉన్న రెండో మీటరు సామాన్యుడి ఇంటికీ దక్కాలన్నదే ఈ నిబంధన సారాంశం. ఈ హక్కు ఉన్నదని ఎన్ని బిల్లుల మీద అచ్చువేశారు? ఎంతమంది గృహస్థులకు తెలుసు?

ప్రీపెయిడ్ పద్ధతిలో ఈ రక్షణలు మరింత పలచబడతాయి. ఖాతాలో నిల్వ హరించగానే సరఫరా దానంతటదే ఆగిపోయే ఏర్పాటులో 15 రోజుల నోటీసుకు తావెక్కడ? లెక్కే తప్పని వినియోగదారుడు అంటున్నప్పుడు సొమ్ము ముందే కోతపడి ఉంటుంది. వివాదంలో ఉన్న సొమ్ము సంస్థ చేతిలో ఉన్నంతకాలం దానిని తేల్చాలన్న తొందర సంస్థకు ఉండదు. కనుక ప్రీపెయిడ్ అనేది కోరుకున్నవారికి సదుపాయంగా ఉండాలేగాని అందరి నెత్తిన రుద్దే నిర్బంధం కారాదు.

కొత్త వ్యవస్థ ఎక్కడ ప్రవేశపెట్టినా కొన్ని జాగ్రత్తలు తప్పవు. మొదట ఒక పట్టణంలోనో, ఒక సబ్‌డివిజన్‌లోనో పాత, కొత్త లెక్కలను కొన్ని నెలలు పక్కపక్కన నడపాలి. రెండూ కలిసిన తరువాతే మరో చోటికి కదలాలి. మీటరు మార్చిన రోజున పాత మీటరు చివరి రీడింగును ఇంటివారి ఎదుట ఫోటో తీసి, సంతకం తీసుకుని, ప్రతిని వారికివ్వాలి. మొదటి రెండు మూడు బిల్లులు తేలేదాకా పాత మీటరును సీలు వేసి భద్రపరచాలి. బిల్లు కాగితాన్ని ఎత్తివేయరాదు. అందులో శ్లాబుల లెక్క స్థానిక భాషలో విప్పి చెప్పాలి. ఖరగ్‌పూర్ వంటి చోట అది బెంగాలీకి తోడు హిందీలో, తెలుగులో కూడా లభిస్తే అక్కడి వృద్ధులకు ఎంతో ఉపకారం. వివాదంలో ఉన్న బిల్లుకు సరఫరా ఆపకుండా అట్టిపెట్టే అధికారం స్థానిక ఇంజనీరు చేతిలో ఉండాలి. కాంట్రాక్టరుకు చెల్లింపు బిగించిన మీటర్ల సంఖ్యతోపాటు సరిగా వచ్చిన బిల్లుల సంఖ్యతోనూ ముడిపడాలి. ప్రతి నెలా ఎన్ని బిల్లులు సవరించారో నియంత్రణ మండలి బహిరంగంగా ప్రకటించాలి. దూరం నుంచి సరఫరా తెంచే సదుపాయాన్ని అన్నింటికన్నా చివర, లెక్క కుదుటపడ్డాక మాత్రమే వాడుకలోకి తేవాలి.

ఇన్ని వెసులుబాట్లు ఇస్తే బిల్లు ఎగవేసేవారికి ఊతమిచ్చినట్లు కాదా అని విద్యుత్ సంస్థలు అడగవచ్చు. ఆ భయం పూర్తిగా నిరాధారం కాదు. కాని ఆరు నెలల సగటు కట్టమని చట్టమే చెబుతున్నప్పుడు సంస్థ రాబడి ఆగిపోదు. నిజమైన ఎగవేతదారుకు తనిఖీ మీటరే శత్రువు. మూడు నెలల పోలికలో అతడి బొంకు బయటపడుతుంది. పరీక్షకు సిద్ధపడే వ్యవస్థ ఓడేది మోసగాడి చేతిలో కాదు. పరీక్షను తప్పించుకునే వ్యవస్థే చివరకు వీధిలో ఓడిపోతుంది. బెంగాల్‌లో జరిగినదదే.

మీటర్ల బిగింపును ఆపివేయడంతో సమస్య తీరిపోయిందనుకుంటే అది మరో భ్రమ. నష్టాలు అలాగే ఉంటాయి, చౌర్యం అలాగే ఉంటుంది, వాటి బరువు మళ్లీ ఛార్జీల రూపంలో నిజాయితీపరుల మీదికే వస్తుంది. కొత్త మీటరు నేడు కాకపోతే రేపు మరో పేరుతో రాక మానదు. అది వచ్చేలోగా నమ్మకాన్ని ముందు బిగించుకోవాలి. ఆ పార్కుకు ఎవరి పేరు పెట్టారో ఆ ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు బాల్యంలో తండ్రి వెంట కలకత్తాకు కాలినడకన వెళుతూ, దారిలోని మైలురాళ్లను చూసి ఇంగ్లీషు అంకెలు నేర్చుకున్నాడని ప్రతీతి. దారిన పోయే పల్లెటూరి బాలుడు కూడా చదువుకుని, సరిచూసుకోగల చోట ఆ అంకెలు ఉన్నాయి. కరెంటు బిల్లులోని అంకెలకూ ఆ గుణం ఉండాలి. ఇండస్ట్రియల్ పార్క్‌లోని కర్మాగారం తన బిల్లును ఎంత ధీమాగా సరిచూసుకోగలదో, ఊళ్లోని పింఛనుదారు కూడా అంతే ధీమాగా సరిచూసుకోగలిగిన నాడే కొత్త మీటరుకు ఆ ఇంటి గోడ మీద చోటు అడిగే అర్హత పంపిణీ సంస్థలకు లభిస్తుంది.